విండోస్ 11లో పాత వీబీ6 ప్రోగ్రామ్: మసక అక్షరాలు, గ్రిడ్‌లో చెరగని గీతలు, ఐకాన్ల చుట్టూ గులాబీ అంచు

గ్రిడ్‌గీత:

నమస్తే అండి. ఎక్స్‌పీ రోజుల్లో వీబీ6 (విజువల్ బేసిక్ 6)లో రాసిన స్టాక్ ప్రోగ్రామ్ ఒకటి విండోస్ 11 మీద నడపాలి. సోర్సు లేదు, ఎక్స్‌ఈ ఫైలు, రెండు ఓసీఎక్స్‌లు (ప్రోగ్రామ్ వాడుకునే అదనపు భాగాల ఫైళ్లు) మాత్రమే ఉన్నాయి. ఇన్‌స్టాల్ బాగానే అయింది, లెక్కలూ సరిగానే వస్తున్నాయి. తిప్పలన్నీ తెర మీదే.

మెషీన్: ల్యాప్‌టాప్ ప్యానెల్ 2560×1600, స్కేల్ 150 శాతం. పక్కన 1920×1080 మానిటర్, స్కేల్ 100 శాతం. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే, వేరే కార్డు లేదు. డ్రైవర్ తాజాదే.

కనిపిస్తున్న తేడాలు:

1. మొదట్లో ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు మసక. అదే విండోని పక్క మానిటర్ మీదికి లాగితే స్పష్టంగా ఉండేది.

2. ఎక్స్‌ఈ ప్రాపర్టీస్‌లో, కంపాటబిలిటీ ట్యాబ్‌లోని డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే కొలత) ఓవర్‌రైడ్‌లో 'అప్లికేషన్' పెడితే మసక పోయింది. కానీ లేబుళ్లు పక్కనున్న టెక్స్ట్‌బాక్సుల మీదికి ఎక్కేశాయి, ఫారం అడుగున ఉన్న బటన్లు సగానికి తెగిపోయాయి.

3. అక్కడే 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' పెడితే ఫారం కుదురుగా ఉంది, అక్షరాలూ బాగున్నాయి. కానీ గ్రిడ్‌ని కిందికి స్క్రోల్ చేస్తుంటే పాత గీతలు కొన్ని చెరక్కుండా మిగిలిపోతున్నాయి. విండోని మినిమైజ్ చేసి తెరిస్తే పోతాయి.

4. టూల్‌బార్ ఐకాన్ల చుట్టూ సన్నని గులాబీ అంచు. రెండు తెరల మీదా ఉంది.

5. పక్క మానిటర్ అప్పుడప్పుడు ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తోంది. ఇది ఈ ప్రోగ్రామ్ వల్లో కాదో తెలియదు.

ప్రస్తుతం కంపాటబిలిటీ ట్యాబ్‌లో ఉన్నవి: ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 మోడ్, రెడ్యూస్డ్ కలర్ మోడ్ 16-బిట్, ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్ డిజేబుల్, డీపీఐ 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్', అడ్మినిస్ట్రేటర్‌గా రన్. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీయాలి?

---

పిక్సెల్‌పంతులు:

ముందు ఆ ట్యాబ్‌లో పెట్టిన టిక్కులన్నీ తీసేయండి. ఒక్కటీ ఉంచొద్దు. అయిదు మందులు ఒకేసారి మింగితే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో తెలియదు. మీ జాబితాలో కనీసం ఒక రోగం మందు వల్లే వచ్చింది. అది నాలుగోది, గులాబీ అంచు.

ఆ కాలపు టూల్‌బార్ బొమ్మల్లో నిజమైన పారదర్శకత ఉండదు. బొమ్మ వెనకంతా ఒక గాఢమైన గులాబీ రంగు నింపుతారు. ఎరుపు 255, ఆకుపచ్చ 0, నీలం 255. "ఈ రంగున్న పిక్సెల్ కనిపిస్తే గీయకు" అని ప్రోగ్రామ్‌కి చెప్పి ఉంచుతారు. పోలిక అచ్చంగా కుదరాలి, దగ్గరి రంగైతే చాలదు. మీరు 16-బిట్ రంగులు పెట్టారు. అందులో ఎరుపుకి 5 బిట్లు, ఆకుపచ్చకి 6, నీలానికి 5. 255ని 5 బిట్లలోకి కుదించి, వెనక్కి ఎనిమిదికి జరిపితే 248 కావచ్చు. 248, 0, 248 అనేది కంటికి అదే గులాబీ, ప్రోగ్రామ్‌కి మాత్రం వేరే రంగు. అందుకే గీసేస్తుంది. రెండు తెరల మీదా కనిపిస్తోందన్నారు కాబట్టి స్కేలింగ్‌తో సంబంధం లేదు. 16-బిట్ టిక్కు తీసి ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసి తెరవండి, పోవాలి.

రెడ్యూస్డ్ కలర్ మోడ్ అవసరం ఒక్కచోటే: "256 రంగుల్లో నడపండి" అని ప్రోగ్రామే మొరాయించినప్పుడు. ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్ టిక్కు తెరంతా ఆక్రమించే డైరెక్ట్‌ఎక్స్ ఆటలకి. మామూలు విండోలో నడిచే స్టాక్ ప్రోగ్రామ్‌కి దానితో పని లేదు. ఎక్స్‌పీ మోడ్ చేసే ముఖ్యమైన పని, విండోస్ వెర్షన్ అడిగినప్పుడు ప్రోగ్రామ్‌తో అబద్ధం చెప్పడం. ఇన్‌స్టాల్ అయి, తెరుచుకుని, లెక్కలు చేస్తున్నప్పుడు ఆ అబద్ధం దేనికి?

ఇక అసలు సంగతి, 1, 2, 3. మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలు.

పాత ఎక్స్‌ఈలో డీపీఐ గురించి ఏ ప్రకటనా ఉండదు. అలాంటిదానికి విండోస్ ఎప్పుడూ "నీ తెర 96 డీపీఐ" అనే చెబుతుంది. ప్రోగ్రామ్ తన ఫారాన్ని, 800×600 అనుకోండి, అలాగే గీస్తుంది. దాన్ని విండోస్ ఒక ఫొటోలా తీసుకుని 150 శాతానికి, అంటే 1200×900కి సాగదీస్తుంది. ఒక పిక్సెల్ గీత ఒకటిన్నర పిక్సెల్ కావాలి. సగం పిక్సెల్ అనేది లేదు కనుక పక్క పిక్సెల్‌ని సగం రంగుతో నింపుతుంది. మీరు చూసిన మసక అదే. పక్క మానిటర్ 100 శాతంలో ఉంది, అక్కడ సాగదీత లేదు, మసకా లేదు.

'అప్లికేషన్' పెడితే విండోస్ తప్పుకుని "నీ తెర 144 డీపీఐ, నీ తంటాలు నువ్వు పడు" అంటుంది. వీబీ6 కొలతలు ట్విప్‌లలో ఉంటాయి. అంగుళానికి 1440 ట్విప్‌లు. 96 డీపీఐలో ఒక పిక్సెల్‌కి 15 ట్విప్‌లు, 120లో 12, 144లో 10. దీన్ని స్క్రీన్ ఆబ్జెక్ట్‌ని అడిగి తెలుసుకోవాలి. కానీ ఆ రోజుల్లో తెరలన్నీ 96లోనే ఉండేవి కాబట్టి చాలామంది నేరుగా 15 అని రాసేశారు. ఫాంటు మాత్రం పాయింట్లలో ఉంటుంది, బుద్ధిగా పెరుగుతుంది. 8 పాయింట్ల అక్షరం 96 డీపీఐలో 11 పిక్సెళ్లలోపు, 144లో సరిగ్గా 16. అక్షరం పెరిగింది, దాని చోటు పెరగలేదు. లేబుల్ పక్కవాడి మీదికి ఎక్కక ఏం చేస్తుంది? సోర్సు లేకుండా దీన్ని బాగుచేయలేం, కాబట్టి 'అప్లికేషన్' మీకు పనికిరాదు. వదిలేయండి.

'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' విండోస్ 10 వెర్షన్ 1703తో, 2017లో వచ్చింది. ఇందులో ప్రోగ్రామ్ 96లోనే ఉన్నాననుకుంటుంది. కానీ అది "ఈ అక్షరం ఇక్కడ రాయి, ఈ గీత ఇక్కడ గీయి" అని జీడీఐకి (తెర మీద గీసే పని చూసే విండోస్ భాగం) ఇచ్చే ఆజ్ఞల్నే విండోస్ 150 శాతంలో అమలు చేస్తుంది. అందుకే అక్షరాలు నిక్కచ్చిగా వస్తాయి. చిక్కు ఎక్కడంటే స్క్రోల్‌లో. గ్రిడ్ ఒక వరుస జరిగినప్పుడు తెరంతా మళ్లీ గీయదు. ఉన్న బొమ్మనే పైకి జరిపి, కింద ఖాళీ అయిన వరుస ఒక్కటే కొత్తగా గీస్తుంది. వరుస ఎత్తు 17 పిక్సెళ్లు అనుకోండి. 150 శాతంలో 25.5. జరపగలిగేది 25 లేదా 26. ఆ అర పిక్సెల్ తేడా దగ్గర పాత గీత ఒకటి బతికిపోతుంది. మినిమైజ్ చేసి తెరిస్తే అంతా మళ్లీ గీస్తుంది కాబట్టి పోతుంది.

ఇది రూఢి చేసుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ స్కేల్‌ని తాత్కాలికంగా 200 శాతం చేసి, ప్రోగ్రామ్‌ని మూసి తెరిచి స్క్రోల్ చేయండి. 17 రెట్టింపు 34, భిన్నం లేదు. గీతలు రాకపోతే కారణం ఇదే. 200లోనూ వస్తే వేరే వెతకాలి.

---

పాతబిల్డ్:

పంతులు గారు చెప్పినదానికి కొన్ని కలుపుతాను.

మీరు ఏ ఎక్స్‌ఈకి సెట్టింగులు పెట్టారో ముందు చూసుకోండి. ఆ కాలపు ప్రోగ్రాముల్లో చాలావాటికి చిన్న లాంచర్ ఉంటుంది. అది డేటాబేస్ ఉందో లేదో చూసి అసలు ఎక్స్‌ఈని పిలిచి తను వెళ్లిపోతుంది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ లాంచర్‌ది అయితే, దానికి పెట్టిన డీపీఐ సెట్టింగ్ అసలుదానికి అందిందో లేదో నమ్మకం లేదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్‌లో దాన్ని పట్టుకుని, రైట్‌క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. అక్కడ కనిపించే ఎక్స్‌ఈకే ప్రాపర్టీస్ మార్చాలి.

అదే డీటెయిల్స్‌లో పై కాలమ్ పేర్ల మీద రైట్‌క్లిక్, 'సెలెక్ట్ కాలమ్స్', అందులో 'డీపీఐ అవేర్‌నెస్' టిక్ పెట్టండి. ఏ సెట్టింగూ లేనప్పుడు మీ ప్రోగ్రామ్ ఎదురుగా 'అన్‌అవేర్' కనిపించాలి. 'సిస్టమ్' అని కనిపిస్తే ఎవరో ముందే మ్యానిఫెస్ట్ (డీపీఐ లాంటివాటి గురించి విండోస్‌కి చెప్పే ప్రకటన) చేర్చారని అర్థం. అప్పుడు సైన్ ఇన్ అయినప్పటి ముఖ్య మానిటర్ స్కేల్‌నే పట్టుకు వేలాడుతుంది. స్కేల్ మార్చాక సైన్ అవుట్ అయి రాకపోతే మీ పరీక్ష ఫలితం తప్పుగా వస్తుంది.

టిక్కులన్నీ తీసేశాక కూడా పాతవి నిజంగా పోయాయా అన్న అనుమానం ఉంటే రిజిస్ట్రీలో చూడొచ్చు. కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, యాప్‌కంపాట్ ఫ్లాగ్స్, లేయర్స్. ఎడమ పక్క ఎక్స్‌ఈ పూర్తి పాత్, కుడి పక్క పెట్టిన సెట్టింగుల పేర్లు వరసగా ఉంటాయి. మీ ఎక్స్‌ఈ వరుస ఒక్కటే డిలీట్ చేస్తే చాలు, ప్రోగ్రామ్ పుట్టినప్పటి స్థితికి వస్తుంది. 'చేంజ్ సెట్టింగ్స్ ఫర్ ఆల్ యూజర్స్' నొక్కి ఎప్పుడైనా పెట్టి ఉంటే లోకల్ మెషీన్ కింద కూడా ఇదే దారిలో ఇంకో వరుస ఉంటుంది. జనం మర్చిపోయేది అదే. పైగా ఈ సెట్టింగ్ పాత్‌కి కట్టి ఉంటుంది. ఫోల్డర్ మార్చినా, పేరు మార్చినా ఎగిరిపోతుంది.

అయిదోది, నల్లబడటం. ఇది వేరే దారి. తేల్చడానికి ఒక సూత్రం వాడతాను: తేడా తెర మీద ఉండగానే స్క్రీన్‌షాట్ తీయండి, ఫోన్‌తో కూడా తెరని ఫొటో తీయండి. స్క్రీన్‌షాట్‌లోనూ తేడా ఉంటే అది ప్రోగ్రామ్ గీసినదాంట్లోనో విండోస్ కలిపినదాంట్లోనో ఉంది. ఫోన్ ఫొటోలో ఉండి స్క్రీన్‌షాట్‌లో లేకపోతే ఆ తర్వాతి దశలో ఉంది: డ్రైవర్, కేబుల్, మానిటర్. గ్రిడ్ గీతలు స్క్రీన్‌షాట్‌లో పడతాయి. నల్లబడటం పడదనే నా అంచనా.

పడకపోతే ఈ వరసలో వెళ్లండి. కేబుల్ తీసి గట్టిగా పెట్టండి, వీలైతే వేరేది మార్చండి. మానిటర్ రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్‌కి దించి చూడండి. అయినా వస్తుంటే మల్టీప్లేన్ ఓవర్‌లే ఆపి చూడాలి. విండోలని ఒకే బొమ్మగా కలపకుండా కొన్నింటిని విడి పొరలుగా గ్రాఫిక్స్ చిప్‌కే అప్పజెప్పే పద్ధతి అది. రెండు తెరలు వేర్వేరు స్కేల్, వేర్వేరు రిఫ్రెష్ రేట్లలో ఉన్నప్పుడు కొన్ని డ్రైవర్లు ఆ పొరలు మార్చేటప్పుడు తడబడతాయి. లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, డీడబ్ల్యూఎం కీలో 'ఓవర్‌లే టెస్ట్ మోడ్' పేరుతో డీవర్డ్ (అంకె దాచే రిజిస్ట్రీ విలువ) చేసి విలువ 5 ఇవ్వండి. పేరు మధ్యలో ఖాళీలు ఉండకూడదు, మూడు మాటలూ కలిపి రాయాలి. రీస్టార్ట్ చేయాలి. ఫలితం లేకపోతే ఆ విలువ తప్పకుండా డిలీట్ చేయండి, ఊరికే ఉంచితే వీడియోలకి బ్యాటరీ ఎక్కువ కాలుతుంది.

నల్లబడి తిరిగి రాకుండా ఉండిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది, తెరిచిన ప్రోగ్రాములు మూసుకోవు.

---

గ్రిడ్‌గీత:

ఇద్దరికీ ధన్యవాదాలు. చేసి చూసిన ఫలితాలు:

షార్ట్‌కట్ నిజంగానే లాంచర్‌ది. అసలు ఎక్స్‌ఈ దాని పక్కనే వేరే పేరుతో ఉంది. లోకల్ మెషీన్ కింద కూడా పాత వరుస ఒకటి దొరికింది, అందులో 16-బిట్ రంగులు ఉంది. రెండు చోట్లా తీసేశాను. గులాబీ అంచు పోయింది.

టాస్క్ మేనేజర్‌లో 'అన్‌అవేర్'. తర్వాత అసలు ఎక్స్‌ఈకి 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ఒక్కటే పెట్టాను. 150లో స్క్రోల్ చేస్తే గీతలు మిగులుతున్నాయి. 200లో ఒక్కటి కూడా రాలేదు. 125లో మళ్లీ వస్తున్నాయి, పైగా ఎక్కువగా.

నల్లబడటం స్క్రీన్‌షాట్‌లో పడలేదు. కేబుల్ మార్చాను, ప్రస్తుతానికి రాలేదు, ఇంకో రెండు రోజులు చూస్తాను. రిజిస్ట్రీ జోలికి పోలేదు.

ఇప్పుడు ప్రశ్న: మిగతా ప్రోగ్రాములకి 150 కావాలి. దీనికొక్కదానికే 200 పెట్టే మార్గం ఉందా?

---

పిక్సెల్‌పంతులు:

ఒక్క ప్రోగ్రామ్‌కి వేరే స్కేల్ పెట్టే బటన్ విండోస్‌లో లేదు. స్కేల్ అనేది మానిటర్‌ది. మీ ముందు నాలుగు దారులున్నాయి, నచ్చినది ఎంచుకోండి.

పక్క మానిటర్ 100 శాతంలో ఉందిగా, ప్రోగ్రామ్‌ని అక్కడే ఉంచండి. అక్కడ సాగదీతే లేదు, కాబట్టి మసకా రాదు, గీతా మిగలదు. నా ఓటు దీనికే. చాలా ప్రోగ్రాములు మూసినప్పుడు ఉన్న చోటు గుర్తుంచుకుంటాయి, మీది గుర్తుంచుకోకపోతే తెరిచాక విండోస్, షిఫ్ట్, కుడి బాణం నొక్కితే ఆ మానిటర్ మీదికి దూకుతుంది.

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నప్పుడు 200 పెట్టి పని చేసుకోవచ్చు. 2560×1600ని 200తో చూస్తే ప్రోగ్రాములకి 1280×800 చోటు మిగులుతుంది. మీ ఫారం 800×600 అయితే అందులో హాయిగా పడుతుంది. ఫారం 1024×768 అయితే మాత్రం టాస్క్‌బార్ ఎత్తు, టైటిల్ పట్టీ కలిపి అడుగు భాగం తెగుతుంది.

మూడోది, 'ఎన్‌హాన్స్‌డ్' మాట లేని ఉత్తి 'సిస్టమ్'. మసక వస్తుంది, గీతలు రావు. బొమ్మంతా 96లోనే పూర్తయి చివర్లో ఒక్కసారి సాగుతుంది కాబట్టి స్క్రోల్ లెక్క ఎక్కడా తప్పదు. రోజుకి పది నిమిషాలు చూసే ప్రోగ్రామ్ అయితే ఇదీ సరిపోతుంది.

నాలుగోది, గ్రిడ్ వరుస ఎత్తు మార్చడం. కొన్ని ప్రోగ్రాముల్లో ఆప్షన్స్‌లో గ్రిడ్ ఫాంటు సైజు ఉంటుంది. వరుస ఎత్తు సరిసంఖ్య పిక్సెళ్లు అయితే 150లో భిన్నం రాదు: 18 అయితే 27, 20 అయితే 30. 17, 19 అయితే అర పిక్సెల్ పేచీ. 125లో ఎక్కువగా వస్తున్నాయన్నారు కదా, అదీ ఈ లెక్కే. అక్కడ వరుస ఎత్తు నాలుగుతో భాగించబడాలి. నాలుగు ఎత్తుల్లో మూడు తప్పుతాయి, 150లో రెండింట ఒకటే తప్పుతుంది. ఫాంటు ఒక పాయింటు పెంచి చూడండి, అదృష్టం ఉంటే కుదురుతుంది.

---

రంగులరాట్నం:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నాదీ పాత ప్రోగ్రామే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. 1998 నాటి డైరెక్ట్‌డ్రా (విండోస్‌లో పాత 2డీ గ్రాఫిక్స్ పద్ధతి) ఆట, 640×480, 256 రంగులు. విండోస్ 10, 64-బిట్. తెరిస్తే మొహాలు ఆకుపచ్చ, ఆకాశం ఊదా. ఆల్ట్, ట్యాబ్ కొట్టి వెనక్కి వస్తే కొన్నిసార్లు నల్ల తెర, మౌస్ బాణం మాత్రమే. తెర అంచుల దాకా సాగిపోయి గుండ్రని చక్రాలు కోడిగుడ్లలా ఉన్నాయి. కంపాటబిలిటీలో విండోస్ 98 మోడ్ పెట్టినా తేడా లేదు.

---

డీడ్రాదొర:

256 రంగుల తెరలో ఒక్కో పిక్సెల్ రంగుని కాదు, ఒక అంకెని దాచుకుంటుంది, 0 నుంచి 255 వరకు. ఏ అంకెకి ఏ రంగో వేరే పట్టికలో ఉంటుంది, దాన్నే పాలెట్ అంటారు. ఆట తన పాలెట్‌ని పెట్టుకుంటుంది, వెనకున్న డెస్క్‌టాప్ దాన్ని లాక్కుంటుంది. బొమ్మ అదే, అంకెలు అవే, పట్టిక మారింది. మొహం ఆకుపచ్చ కావడం ఇందుకే. విండోస్ 7లో ఎక్స్‌ప్లోరర్‌ని టాస్క్ మేనేజర్‌లో చంపి ఆట తెరిస్తే బాగుండేది. విండోస్ 8 నుంచి కాంపోజిటర్‌ని (విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపే భాగాన్ని) ఆపే వీలే లేదు, 8-బిట్, 16-బిట్ మోడ్‌లు అనుకరణగా నడుస్తాయి. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌ని చంపే చిట్కా ఎక్కడైనా చదివి ఉంటే మర్చిపోండి.

ముందు ఉచితంగా అయ్యే పని: విండోస్ 98 మోడ్ తీసేసి, 'రెడ్యూస్డ్ కలర్ మోడ్ 8-బిట్' ఒక్కటే పెట్టి చూడండి. పై ప్రశ్నలో స్టాక్ ప్రోగ్రామ్‌ని పాడుచేసిన సెట్టింగే ఇక్కడ మందు కావచ్చు. రంగులు సరిపడితే సరే. ఆల్ట్ ట్యాబ్ సమస్య, సాగదీత మాత్రం దీనితో పోవు.

వాటికి రాపర్ కావాలి. అంటే ఆట పిలిచే డైరెక్ట్‌డ్రా డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఫైలు) స్థానంలో అదే పేరుతో ఇంకో డీఎల్ఎల్ పెట్టడం. అది పాత ఆజ్ఞలు అందుకుని, పాలెట్‌ని తనే చూసుకుని, ఇప్పటి గ్రాఫిక్స్ భాషలో గీస్తుంది. మీలాంటి 2డీ ఆటకి సీఎన్‌సీ-డీడ్రా. 3డీ యాక్సిలరేషన్ వాడే ఆటకి డీజీవూడూ 2. వీలైనంతగా విండోస్ సొంత డైరెక్ట్‌డ్రానే వాడుతూ దాని తప్పులు మాత్రమే సరిచేసేది డీడ్రాకంపాట్. ఒక్క ఆటకి ఒక్కటే పెట్టండి, మూడింటికీ అదే ఫైలు పేరు కాబట్టి కలిపితే ఏది ఎక్కిందో తెలియదు.

సీఎన్‌సీ-డీడ్రా పెట్టే పద్ధతి:

జిప్ దించాక విప్పకముందే దాని మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, అడుగున 'అన్‌బ్లాక్' ఉంటే టిక్. లోపలి ఫైళ్లని ఆట ఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. విండోస్ సొంత ఫోల్డర్లయిన సిస్టమ్32లో గానీ, సిస్‌వావ్64లో గానీ ఎప్పుడూ పెట్టకండి. అక్కడి అసలు డీఎల్ఎల్‌ని తొక్కేస్తే మిగతా ప్రోగ్రాములూ పాడవుతాయి. ఆట ఫోల్డర్‌లో ఉన్నదాన్నే విండోస్ ముందు ఎక్కిస్తుంది, అంతకు మించి అక్కర్లేదు.

ఐఎన్ఐ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 'ఫుల్‌స్క్రీన్', 'విండోడ్', 'మెయిన్‌టాస్', 'బాక్సింగ్' వరుసలు కనిపిస్తాయి. ఫుల్‌స్క్రీన్, విండోడ్ రెండూ ట్రూ చేస్తే అంచుల్లేని విండోగా తెరంతా నిండుతుంది. ఆల్ట్ ట్యాబ్ నల్ల తెరకి ఇదే విరుగుడు, ఎందుకంటే మానిటర్ మోడ్ అసలు మారదు. మెయిన్‌టాస్ ట్రూ చేస్తే 4:3 నిష్పత్తి నిలుస్తుంది. 1080 ఎత్తు తెర మీద బొమ్మ 1440×1080, రెండు పక్కలా 240 పిక్సెళ్ల నల్ల పట్టీ. చక్రాలు గుండ్రంగా వస్తాయి. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే బాక్సింగ్ ట్రూ. అప్పుడు పూర్ణాంక రెట్లే వేస్తుంది: 1280×960, పైనా కిందా 60 పిక్సెళ్ల ఖాళీ. ఒక్కో పాత పిక్సెల్ కచ్చితంగా రెండు బై రెండు అవుతుంది, మసక సున్నా. కొందరికి చుట్టూ నల్ల చట్రం నచ్చదు, నాకు నచ్చుతుంది.

రాపర్ పెట్టాక కంపాటబిలిటీ ట్యాబ్‌లో 8-బిట్ టిక్కు తీసేయాలి. రెండూ ఉంటే ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం పడుతుంది.

తప్పు జరిగితే ఎలా కనిపిస్తుందంటే: తెరవగానే 0xసీ000007బీ ఎర్రర్ వస్తే 32-బిట్ ఆటకి 64-బిట్ డీఎల్ఎల్ పెట్టారు. డీజీవూడూలో ఇది మామూలు పొరపాటు, ఎంఎస్ ఫోల్డర్ లోపల ఎక్స్86 ఫోల్డర్‌లోవి తీసుకోవాలి. ఏ మార్పూ కనిపించకపోతే డీఎల్ఎల్ ఎక్కలేదు, లాంచర్ వేరే ఫోల్డర్‌లోని ఎక్స్‌ఈని పిలుస్తోంది, పాతబిల్డ్ గారు చెప్పిన టాస్క్ మేనేజర్ పద్ధతిలో అసలు ఎక్స్‌ఈని పట్టుకోండి. ఆట పరుగులు పెడితే, మెనూ ఒక్క నొక్కుకి మూడు గడులు దూకితే, 'మ్యాక్స్‌గేమ్‌టిక్స్' విలువ 60 ఇవ్వండి. పాత ఆటలు తెర ఎంత వేగంగా గీస్తే అంత వేగంగా కాలాన్ని నడిపేవి.

"వీడియో మెమరీ చాలదు" అని కొన్ని పాత 3డీ ఆటలు ఏడుస్తాయి, కార్డులో 8 జీబీ ఉన్నా సరే. చాలక కాదు, ఎక్కువై. 32-బిట్ గుర్తుగల సంఖ్యలో 2,147,483,647 దాటితే విలువ రుణాత్మకం అవుతుంది, ఆట దాన్ని సున్నా కన్నా తక్కువగా చదువుతుంది. డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్‌లో డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌కి వెళ్లి వీరామ్ (వీడియో మెమరీ) 256 ఎంబీ పెడితే నోరు మూస్తుంది. అక్కడే వాటర్‌మార్క్ టిక్కు కూడా తీసేయండి, లేకపోతే మూల మీద ముద్ర కనిపిస్తూనే ఉంటుంది.

---

రంగులరాట్నం:

8-బిట్ టిక్కుతో రంగులు కుదిరాయి కానీ ఆల్ట్ ట్యాబ్ అలాగే ఉంది. టిక్కు తీసి సీఎన్‌సీ-డీడ్రా పెట్టాను, మొదట ఏ మార్పూ రాలేదు. మీరన్నట్టే, అసలు ఎక్స్‌ఈ 'బిన్' అనే లోపలి ఫోల్డర్‌లో ఉంది. ఫైళ్లు అక్కడికి మార్చాక రంగులు, నిష్పత్తి, ఆల్ట్ ట్యాబ్ మూడూ సరి. మెనూ దూకుడు ఉండేది, 60తో ఆగింది. బాక్సింగ్ పెట్టలేదు, చట్రం నాకు నచ్చలేదు.

---

పాతబిల్డ్:

గ్రిడ్‌గీత గారూ, ఇంకో రెండు చిన్న సంగతులు. ఇప్పుడు మీకు లేకపోయినా ఈ రకం ప్రోగ్రాములకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి.

లేబుళ్లలో అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు, డబ్బాలు, విచిత్రమైన గుర్తులు వస్తే అది డిస్‌ప్లే తేడా కాదు, కోడ్‌పేజీ (ఏ బైటుకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) తేడా. రన్‌లో ఐఎన్‌టీఎల్ డాట్ సీపీఎల్ కొట్టి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్, 'చేంజ్ సిస్టమ్ లొకేల్'. అక్కడ 'బీటా' అని మొదలయ్యే యూటీఎఫ్-8 టిక్కు పెట్టి ఉంటే తీసి రీస్టార్ట్ చేయండి. యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్ ఒక అక్షరానికి ఒక బైటు అనుకుని రాస్తుంది, ఆ టిక్కు ఉంటే విండోస్ వాటిని యూటీఎఫ్-8గా చదివి తికమక పడుతుంది. డ్రైవర్లు మార్చి, ఫాంట్లు ఎక్కించి అలసిపోయాక ఈ టిక్కు గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.

తెర మీద ఏ తేడా వచ్చినా డ్రైవర్ మీద అనుమానం ఉంటే, దాన్ని తేల్చడానికి డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్‌ని 'డిజేబుల్' చేయండి. విండోస్ తన బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌కి మారుతుంది, రిజల్యూషన్ తగ్గవచ్చు, పక్క మానిటర్ ఆరిపోవచ్చు, కంగారు పడొద్దు. అప్పుడు ప్రోగ్రామ్ తెరిచి చూడండి. తేడా పోతే దోషం డ్రైవర్‌ది, అలాగే ఉంటే ప్రోగ్రామ్‌ది. చూశాక 'ఎనేబుల్' చేయడం మర్చిపోవద్దు. ఎక్స్‌పీలో దీనికి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ స్లైడర్ ఉండేది, ఒక్కో మెట్టు దించుతూ చూసేవాళ్లం. ఇప్పుడది లేదు.

---

గ్రిడ్‌గీత:

యూటీఎఫ్-8 టిక్కు చూశాను, లేదు. నల్లబడటం రెండు రోజులుగా రాలేదు, కేబులే అనుకుంటున్నాను.

ప్రోగ్రామ్ ఆప్షన్స్‌లో గ్రిడ్ ఫాంటు 8 నుంచి 9 చేశాను. 150లో స్క్రోల్ గీతలు పూర్తిగా పోయాయి. స్క్రీన్‌షాట్‌ని పెయింట్‌లో వేసి కొలిస్తే వరుస సరిగ్గా 27 పిక్సెళ్లు, అంటే 18.

మిగిలింది ఒక్కటే. ప్రింట్ ప్రివ్యూ విండో మాత్రం ల్యాప్‌టాప్ మీద ఇంకా మసకగానే ఉంది. మిగతా ఫారాలన్నీ స్పష్టం. ప్రింట్ తీస్తే కాగితం మీద బాగానే వస్తోంది.

---

పిక్సెల్‌పంతులు:

ప్రివ్యూ పేజీని ఆ ప్రోగ్రామ్ తన సొంత మెమరీలో ఒక బిట్‌మ్యాప్‌గా గీసి, పూర్తయ్యాక తెర మీదికి ఒక్కసారిగా పడేస్తోంది. విండోస్‌కి అక్కడ అక్షరాలు కనిపించవు, పిక్సెళ్లే కనిపిస్తాయి. 'ఎన్‌హాన్స్‌డ్' సాయం చేసేది జీడీఐ ఆజ్ఞలకే, తయారైన బొమ్మని సాగదీయడం తప్ప గతి లేదు. ప్రింటర్‌కి మాత్రం అక్షరాలుగానే పంపుతోంది, అందుకే కాగితం మీద మసక లేదు.

ప్రివ్యూలో జూమ్ ఉంటే 150 కాకుండా 200 పెట్టి చూడండి, చదవడానికి వీలుగా ఉంటుంది. లేదంటే ఆ ఒక్క విండోని పక్క మానిటర్ మీదికి లాగండి. దాన్ని సెట్టింగులతో వెంటాడకండి, మళ్లీ అయిదు టిక్కుల దగ్గరికే వస్తారు.